పది మాటల పరీక్ష

"ఇందాక చెప్పిన పది మాటలు మళ్లీ చెప్పండి" అంది ఫోన్‌లో నర్సు. మా ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెబుతుంటే పక్కనున్న నాకు టెన్షన్.

లాంగ్ టర్మ్ కేర్ పాలసీ, అంటే రోజువారీ పనులకి మనిషి సాయం కావాల్సొస్తే ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్, ఇచ్చేముందు చేసే ఇంటర్వ్యూ ఇది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మంచం మీంచి లేవడం, అన్నీ సొంతంగా చేసుకుంటారా అనీ అడిగింది. మందుల వివరాలు, డాక్టర్ రికార్డులు వాళ్లే తెప్పించుకుంటారట.

అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఉందిగా అనుకుంటాం. ఏళ్ల తరబడి రోజూ మనిషి సాయం కావాలంటే అది డబ్బివ్వదు. ఇక మతిమరుపు జబ్బు మొదలయ్యాక ఏ కంపెనీ అయినా దాదాపు కాదనే అంటుంది.

అవసరం కనిపించేసరికి అర్హత పోతోంది. నాకు బాధంతా అదే. యాభైల్లో ఉన్న ఫ్రెండ్స్, ఇంట్లో ఒకసారి ఈ మాట ఎత్తండి.