నాటకం ముగిశాక ఇంటికి దారి

హైదరాబాద్ రవీంద్రభారతిలో ఆడే చాలా నాటకాలకు ప్రవేశం ఉచితం కాబట్టి, చూడటానికి వెళ్లేవారి ఖర్చంతా తిరుగు ప్రయాణానిదే. డబ్బు సంగతి అటుంచినా, రాత్రి పదింటికి సైఫాబాద్‌లో రోడ్డు మీదికొచ్చి ఇంటికి ఎలా చేరాలన్న ఆలోచన మూడో అంకం నుంచే ప్రేక్షకుడి మనసులో మెదులుతూ ఉంటుంది.

పల్లెల్లో పద్యనాటకాలు ఆడిన రోజుల్లో ఈ చిక్కు లేదు. భోజనాలయ్యాక మొదలైన ఆట తెల్లవార్లూ సాగేది కనుక, పొరుగూళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చినవారు పిల్లలను అక్కడే చాపల మీద పడుకోబెట్టి, కోడి కూశాక తీరిగ్గా బండ్లు కట్టుకుని వెళ్లేవారు. నగరంలో ఆట ఎంతసేపు చూడాలో చివరి మెట్రో రైలే తేలుస్తుంది.

ఆ రైలు విషయం కొంత వివరంగా చెప్పాలి. రవీంద్రభారతికి దగ్గరి స్టేషన్ అసెంబ్లీ. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట – ఎల్బీనగర్ మార్గం తెరుచుకున్నాక మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవారికీ, అటు కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వెళ్లేవారికీ ఒకే రైలులో కూర్చుని ఇల్లు చేరే వీలు కలిగింది. అయితే హైటెక్ సిటీకో, ఉప్పల్‌కో వెళ్లవలసినవారు అమీర్‌పేటలో రైలు మారాలి కాబట్టి, వారు చూసుకోవలసినది అసెంబ్లీలో చివరి రైలు వేళ కాదు, అమీర్‌పేటలో తమ వైపు వెళ్లే చివరి రైలు వేళ. దాన్నిబట్టి లెక్కిస్తే వారు మిగతావారి కంటే ముందే కుర్చీలోంచి లేవవలసి వస్తుంది.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరులో మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ ఖర్చు తప్పింది గాని, ఆ వేళకు బస్సులే పలుచబడతాయి. ఇక ఫోన్‌లో క్యాబ్ పిలిస్తే, హాలు మొత్తం ఒక్కసారిగా బయటికొచ్చి అదే పని చేస్తుంది కనుక ధర అమాంతం పెరుగుతుంది. అప్పటికీ బుక్ చేస్తే, డ్రైవరు ఫోన్ చేసి "డ్రాపింగ్ ఎక్కడ సార్? క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగి, జవాబు నచ్చకపోతే రద్దు చేసుకోమని మనకే చెబుతాడు. రాత్రి ఆ దూరం నుంచి ఖాళీగా తిరిగి రావలసిన అతని కష్టం నాకు అర్థమవుతుంది. అయినా గేటు దగ్గర చేతికర్రతో నిలబడ్డ పెద్దాయనను చూసినప్పుడు ఆ సానుభూతి తగ్గిపోతుంది. పద్యం కోసం వచ్చేవారిలో ఎక్కువమంది ఆ వయసువారే.

నాకు తెలిసి అందరికంటే సుఖంగా ఇల్లు చేరేవారు ఒకే దిక్కుకు వెళ్లే నలుగురిని ముందే కూడగట్టుకున్నవారు. "మీరు ఎల్బీనగర్ వైపేనా? నన్ను చైతన్యపురిలో దింపేయండి" అని విరామంలోనే అడిగి పెట్టుకుంటే, ఆటో అయినా కారు అయినా మనిషికి పడే భారం తగ్గుతుంది. పైగా కృష్ణ పాత్రధారి రాగం ఎక్కడ జారిందో, హార్మోనియం ఎక్కడ నిలబెట్టిందో దారి పొడవునా మాట్లాడుకోవచ్చు. పక్కన కూర్చున్నవారిని ఆ మాట అడగడానికి మొహమాటపడనక్కరలేదు, ఎందుకంటే వారూ అదే ఆలోచనలో ఉంటారు.

ఈ ఇబ్బందికి రవాణా ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆహ్వానపత్రంలో ఆరు గంటలని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు పూర్తయి తెర లేచేసరికి ఎనిమిదవుతుంది. రాయబార ఘట్టం వచ్చేవేళకు వెనుక వరుసలు ఖాళీ అవుతుంటే నటులు బాధపడతారు, నిర్వాహకులేమో ప్రేక్షకులకు ఓపిక లేదంటారు. సన్మానాలు విరామంలో ఒకటి రెండు మాటలతో ముగించి, ఆహ్వానపత్రంలో నాటకం మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళను కూడా అచ్చు వేస్తే, చివరి పద్యం విని కూడా అమీర్‌పేటలో రైలు అందుకోవచ్చు.