టెర్రా ద్రోహం గుచ్చుకోవాలంటే 8వ సంచిక నుంచి మొదలుపెట్టండి

‘ద న్యూ టీన్ టైటన్స్’ అనే అమెరికన్ కామిక్స్ పత్రికలో వచ్చిన ‘ద జూడాస్ కాంట్రాక్ట్’ గొప్ప కథ అని విని, ఆ ఒక్క పుస్తకమే తెచ్చుకుని చదివి, “ఒక పిల్ల జట్టులో చేరి మోసం చేసింది, అంతేగా” అని పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. తప్పు వాళ్లది కాదు. 1988లో వచ్చిన ఆ సంకలనం 39వ సంచికతో మొదలవుతుంది. ఆ మోసం చేసిన పిల్ల టెర్రా (అసలు పేరు టారా, నేలనీ రాళ్లనీ కదిలించగలదు) కథలో అడుగుపెట్టిందేమో 26వ సంచికలో, 1982 డిసెంబరులో. ఆ పిల్లని మిగతావాళ్లు దగ్గరకు తీసుకున్న కాలం దాదాపు మొత్తం పుస్తకం బయటే ఉండిపోయింది. నమ్మడం చూడనివాళ్లకు నమ్మకద్రోహం ఎక్కడ తగులుతుంది?

‘ద న్యూ టీన్ టైటన్స్’ని 1980లో డీసీ కామిక్స్ సంస్థ కోసం మొదలుపెట్టింది రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జార్జ్ పెరేజ్. ఈ కుర్ర సూపర్‌హీరోల జట్టులో ఏడుగురు: రాబిన్ (డిక్ గ్రేసన్), వండర్ గర్ల్ (డోనా ట్రాయ్), కిడ్ ఫ్లాష్, సైబోర్గ్ (విక్టర్ స్టోన్), స్టార్‌ఫైర్, రేవెన్, ఛేంజ్‌లింగ్ (గార్ లోగన్). కొట్లాటలకు కొదవేం లేదు. కానీ వీళ్ల స్నేహం కుదిరింది కొట్లాటల్లో కాదు, వాటి మధ్య ఖాళీల్లో. 8వ సంచికే తీసుకోండి. ఎవరి రోజు వాళ్లది. సగం ఒళ్లు లోహమైపోయి, జనం కంటపడటానికే జంకే విక్టర్ స్టోన్‌కి ఆ రోజు శారా సిమ్స్, ఆమె దగ్గర చదువుకునే వికలాంగ పిల్లలు ఎదురుపడతారు. అతని లోహపు చేతులు చూసి వాళ్లు భయపడరు, సంబరపడతారు. విక్ మీద మనకి ఆపేక్ష పుట్టేది ఇక్కడే. తర్వాత గార్ లోగన్ అతన్ని ఎంత ఆటపట్టించినా, అవి ఇద్దరు ఒంటరి కుర్రాళ్లు ఒకరినొకరు వదలకుండా పట్టుకోవడానికి ఆడే మాటలని తెలిసిపోతుంది.

అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు 8. తర్వాత 26 నుంచి 30 వరకు, టెర్రా రావడం, జట్టులో కుదురుకోవడం. ఆపైన 34, 38, 39. ఇక్కడ పేరు దగ్గర చాలామంది తికమకపడతారు. 41వ సంచిక నుంచి అదే పత్రిక ‘టేల్స్ ఆఫ్ ద టీన్ టైటన్స్’ అయింది, అంకెలు మాత్రం వరసగానే సాగాయి. కాబట్టి 42, 43, 44 వెతకాల్సింది కొత్త పేరు కింద. ముగింపు 45లో ఉండదు, 1984 నాటి 3వ వార్షిక సంచికలో ఉంటుంది. అదే ఏడు పాత పేరుతోనే 1వ అంకె నుంచి ఇంకో పత్రిక కూడా మొదలైంది. అంకె చూసి అది కొనేస్తే కథ తెగిపోతుంది.

34వ సంచిక చివర్లో టెర్రా జట్టు శత్రువైన కిరాయి హంతకుడు స్లేడ్ విల్సన్ మనిషని పాఠకుడికి తెలుస్తుంది. జట్టుకి తెలియదు. అక్కడి నుంచి దాదాపు ఏడాది పాటు మనం ఆ రహస్యం మోస్తూ చదవాలి. 38వ సంచిక అంత బరువుగా అనిపించడానికి అదీ ఒక కారణం. పెళ్లి కుదిరిన డోనా ట్రాయ్‌కి తన కన్నవాళ్లెవరో తెలియదు. డిక్ గ్రేసన్ తనకున్న పరిశోధన విద్యంతా ఆ ఒక్క ప్రశ్న మీద పెడతాడు. విలన్ లేడు, పోట్లాట లేదు. కాలిపోయిన ఇంటి నుంచి పాత బొమ్మ దాకా, అక్కడి నుంచి కన్నతల్లి సమాధి దాకా ఓపికగా ఆచూకీ తీయడమే కథ. తోడబుట్టినవాడు కూడా ఇంతకన్నా ఏం చేస్తాడు? సరిగ్గా ఆ రోజుల్లోనే, వాళ్లతో కలిసి తిరిగే పిల్ల వాళ్ల గుట్టు శత్రువుకి చేరవేస్తోంది.

ఎలాగో 42వ సంచికలో చూపిస్తారు. టారా కంటి కాంటాక్ట్ లెన్సుల్లో కెమెరా ఉంది. ఇన్నాళ్లూ మనకి ముద్దొచ్చిన ఇంటి ముచ్చట్లే స్లేడ్‌కి సమాచారం. 43లో దాని ఫలితం: అతను ఒక్కొక్కరినీ వాళ్ల మామూలు అలవాటు దగ్గరే పట్టేస్తాడు. గార్ అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాస్తూ కవర్లు నాలుకతో తడుపుతాడు; మత్తుమందు ఆ జిగురులో ఉంది. ఆ చిన్న ప్యానెల్ ముందు పెద్ద పేలుడు కూడా దిగదుడుపే. డిక్ ఒక్కడే తప్పించుకుంటాడు, 44లో నైట్‌వింగ్ అనే కొత్త పేరుతో వాళ్ల కోసం వెళ్తాడు.

పెరేజ్ టెర్రాని అందగత్తెగా గీయలేదు. కాస్త ఎత్తుపళ్లు, మామూలు ముఖం. అనుమానం రాకుండా ఉండాలనే ఆ ముఖం. ఆమె ద్రోహి అని, చనిపోతుందని సృష్టికర్తలు మొదటే నిర్ణయించుకున్నారు. అయినా ముందు పేజీల్లో ఆ పిల్ల మీద మన ఇష్టాన్ని పెంచడంలో పిసినారితనం చూపలేదు.

ఒక్కచోట మాత్రం నేను వాళ్లతో ఏకీభవించను. వార్షిక సంచికలో టారా పిచ్చెక్కినట్టు కొండరాళ్లు తన మీదే కూల్చుకుని చనిపోతున్నప్పుడు, తప్పంతా ఆమెదేనని వ్యాఖ్యానం తేల్చేస్తుంది. ఆమెకి పదహారేళ్లు. స్లేడ్‌కి ఎదిగిన కొడుకున్నాడు. ఆ పిల్లని తన పక్కలోకి కూడా తెచ్చుకున్నాడు. ఈ పేజీలు ఇవాళ చదివితే ద్వేషం ఆమె మీదకి పోదు.

2003లో మొదలైన ‘రన్‌అవేస్’ అనే మార్వెల్ కామిక్స్ పత్రికలో అలెక్స్ వైల్డర్ చేసిన ద్రోహం వేరు. తల్లిదండ్రులు దుర్మార్గులని తెలిసి పారిపోయిన పిల్లల్లో వాడొకడు, పైగా నాయకుడు. కానీ వాడి విధేయత మొదటి నుంచీ కన్నవాళ్ల వైపే. టారాకి ఆ జట్టు మీద ప్రేమ లేదు. అలెక్స్‌కి తన జట్టులోని నీకో అనే అమ్మాయి మీద ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా బాగా తెలుస్తుంది.

వార్షిక సంచిక ఆఖరి పేజీలు తొందరగా తిప్పేయకండి. టారా ద్రోహి అంటే గార్ చివరి క్షణం దాకా నమ్మలేదు. టారా అంత్యక్రియలకు ఆమె అన్న బ్రయాన్, అంటే జియో-ఫోర్స్ అనే సూపర్‌హీరో, వస్తాడు. అతనికి నిజం తెలియనివ్వరు. తమని శత్రువుకి అమ్మేసిన పిల్ల, అన్న దృష్టిలో వీరమరణం పొందిన టైటన్‌గానే మట్టిలో కలుస్తుంది.