మెడనొప్పికి వ్యాయామం ఆఫీసు టైంలోనే చేయాలి

మా ఆఫీసులో ఎవరిని కదిపినా ఏదో ఒక నొప్పి చెప్తారు. ఒకరికి మెడ పట్టేస్తుంది, ఒకరికి నడుము, మౌస్ పట్టుకునే చేతి వైపు భుజం రెక్క దగ్గర పోట్లు వచ్చేవాళ్లు ఇంకొందరు. నేను పనిచేసేది అకౌంట్స్‌లో, మంత్ ఎండ్ వచ్చిందంటే మా వరసంతా బామ్ వాసనే. ఇంతమందికి ఒకే చోట నొప్పి వస్తోందంటే దానికి కారణం పనిలోనే ఉంది, కాబట్టి దానికి చేయాల్సిన వ్యాయామం కూడా పనిచేసే చోట, పని వేళల్లోనే జరగాలని నా గట్టి నమ్మకం.

"ఇంటికెళ్లి చేసుకోండి, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లండి" అని చెప్పడం తేలికే. ట్రాఫిక్‌లో పడి రాత్రికి ఇల్లు చేరి, వంట చేసి, పిల్లల హోంవర్క్ చూసుకునే ఆవిడ ఎప్పుడు చేస్తుంది? డెన్మార్క్‌లో మూడు ఆసుపత్రుల్లో పనిచేసే 200 మంది మహిళల మీద సరిగ్గా ఈ విషయం మీదే ఒక అధ్యయనం జరిగింది, 2015లో అచ్చయింది. కొందరు డ్యూటీ టైంలోనే తోటివాళ్లతో కలిసి, నేర్పే మనిషి దగ్గరుండి చూస్తుండగా, వారానికి ఐదు సార్లు పది నిమిషాల చొప్పున చేశారు, మిగతావాళ్లని ఇంట్లో చేసుకోమన్నారు. పది వారాలయ్యాక చూస్తే, నొప్పి బాగా తగ్గింది పనిచేసే చోట చేసినవాళ్లకే.

ఈ నొప్పి ఎలా వస్తుందో కాస్త తెలుసుకుంటే మంచిది. మెడ వెనక నుంచి భుజాల మీదుగా వీపు దాకా పరుచుకుని ఒక పెద్ద కండరం ఉంటుంది, ట్రెపీజియస్ అంటారు. కీబోర్డ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు అది మోసే బరువు పెద్దగా ఏమీ ఉండదు, కానీ గంటల తరబడి వదలకుండా కొద్దికొద్దిగా బిగిసే ఉంటుంది. టెన్షన్ పడితే చెయ్యి కదపకపోయినా బిగుస్తుంది. ఆడిటర్ దగ్గర నుంచి మెయిల్ రాగానే మీ భుజాలు ఎక్కడున్నాయో ఒకసారి గమనించండి, పైకి లేచి చెవుల దగ్గరికి వచ్చేసి ఉంటాయి. అందుకే నాకు ఒత్తిడి వేరు, ఒళ్లు నొప్పులు వేరు అని అనిపించదు.

ఆఫీసు వ్యాయామం అనగానే అందరూ మెడ అటూ ఇటూ తిప్పి, చేతులు పైకి సాగదీసి ఆపేస్తారు. అవి మంచివే, ఆ కాసేపు హాయిగా కూడా ఉంటుంది, కానీ నా దృష్టిలో అసలు కావలసింది బలం. డెన్మార్క్‌లోనే తరచూ మెడ, భుజాల నొప్పి ఉన్న 198 మందిని తీసుకుని బలం పెంచే వ్యాయామాన్ని పరీక్షించి చూశారు, 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. వ్యాయామానికి వాడే పొడవాటి రబ్బరు బ్యాండ్‌ని పాదాల కింద తొక్కిపెట్టి, రెండు చివర్లూ పట్టుకుని, మోచేతులు కొంచెం వంచి, చేతుల్ని పక్కలకి భుజాల ఎత్తు దాకా లేపి మెల్లగా దించాలి, అంతే. కొందరు రోజుకి పన్నెండు నిమిషాలు చేశారు, కొందరు రెండే నిమిషాలు. వారానికి ఐదు రోజుల చొప్పున పది వారాలు చేస్తే రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది. రెండు నిమిషాలంటే టీ చల్లారేలోపు అయిపోతుంది!

మేమూ టీ టైంకి ముందే చేస్తున్నాం. భుజాలు పైకి బిగించి ఒక్కసారిగా వదిలేయడం, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాక్కోవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, తర్వాత బ్యాండ్, చివర్లో ఊపిరి నెమ్మదిగా, తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదలడం. చీర కట్టుకున్నవాళ్లు, ఫార్మల్ ప్యాంటు వేసుకున్నవాళ్లు అందరూ చేయగలిగేవే పెట్టుకోవాలి, చాప పరిచి పడుకునేవి ఆఫీసులో సాగవు. పెద్దసారు క్యాబిన్‌లోంచి వచ్చి మాతో నిలబడటం మొదలుపెట్టాక కుర్రాళ్ల మొహమాటం కూడా పోయింది. ఇది చాలా ముఖ్యం.

యోగా ఇష్టమైనవాళ్లకి ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో వై-బ్రేక్ అని యాప్ తెచ్చింది, తాడాసనం, కటి చక్రాసనం, నాడీశోధన, భ్రామరి ఇవన్నీ కలిపి ఐదు నిమిషాలు. జపాన్‌లోనైతే 1928 నుంచి రేడియోలో పాట పెట్టి జనం చేత వ్యాయామం చేయిస్తున్నారు, అక్కడి కంపెనీల్లో, ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ పని మొదలుపెట్టే ముందు దాన్ని చేసేవాళ్లున్నారు.

ఒక్క జాగ్రత్త. నొప్పి చేతిలోకి పాకి తిమ్మిరెక్కుతున్నా, వేళ్లలో పట్టు తప్పుతున్నా, దెబ్బ తగిలాక మొదలైనా బ్యాండ్ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

మేనేజర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. బ్యాండ్లకి పెద్ద ఖర్చేమీ కాదు, ఆఫీసు డబ్బులతోనే కొనండి, ఆ పది నిమిషాల్ని లంచ్‌లోంచి కోయకుండా పని గంటల్లోనే లెక్కపెట్టండి. ముఖ్యంగా కాల్ సెంటర్లలో. హెడ్‌సెట్ పెట్టుకుని కాల్ మీద కాల్ తీసుకునే పిల్లలు తమంతట తాము లేచి నిలబడలేరు, లేస్తే లాగిన్ టైం తగ్గిపోతుంది, కాబట్టి వాళ్ల షిఫ్ట్ షెడ్యూల్‌లోనే ఆ టైం రాసి ఉండాలి.