తుపాకీ కొన్నారా? ముందు ఖాళీ చేయడం నేర్చుకోండి

తూటా గోడ దాటి కూడా వెళ్లొచ్చు. అవతల ఉన్న మనిషి కోసమైనా తుపాకీ కొన్నవాళ్లు శిక్షణ తీసుకోవాల్సిందే.

పిస్టల్ ఖాళీ చేయడమే చూడండి. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి, తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) లాగాలి. వరుస తారుమారైతే, గొట్టం వెనక చివర తూటా కూర్చునే ఛాంబర్‌లోని తూటా బయటపడుతుంది గానీ, స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి తోసేస్తుంది. ఆపైన మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది! అందుకే స్లైడ్‌ను వెనక్కి లాక్ చేసి, ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెనవేలు పెట్టి తడమాలి. చీకట్లో వేలే దిక్కు.

కాల్చేటప్పుడు ట్రిగ్గర్ నొక్కినా పేలలేదా? గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. ఇది చదివితే వచ్చేది కాదు, శిక్షకుడు పక్కనుండగా చేతులకు అలవాటు కావాలి.