యాభై దాకా చూసి ఆగిపోయాం

నిన్న సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో టీ తాగుతుంటే బాబాయి కొడుకు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చూపించాడు. "అన్నయ్యా, ఎన్ పవర్ పదే పెద్దది. టూ పవర్ ఎన్ దాని దరిదాపుల్లో లేదు, చూడు." అంటే ఎన్‌ని పదిసార్లు వేసి గుణిస్తే వచ్చేది, రెండుని ఎన్ సార్లు వేసి గుణిస్తే వచ్చేదానికన్నా ఎప్పుడూ పెద్దదట. ఎన్ 50 పెట్టాడు. నిజమే, మొదటిది దాదాపు 87 రెట్లు ఎక్కువ.

నాకు నవ్వొచ్చింది. బీటెక్ రెండో ఏడాది ఇంటర్నల్స్‌లో నేనూ సరిగ్గా ఇదే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. పైగా పేపర్ దిద్దినాయన మీదే కోపం!

"ఇంకో తొమ్మిది కలుపు" అన్నాను. 59 దగ్గర టూ పవర్ ఎన్ దాటేసింది. 100 పెడితే వెయ్యి కోట్ల రెట్లకు పైనే. వాడు ఫోన్ రెండుసార్లు రీసెట్ చేశాడు పాపం.

అసలు క్యాలిక్యులేటరే అక్కర్లేదు. రెండింటికీ బేస్ 2తో లాగ్ (ఆ సంఖ్య రావాలంటే రెండుని ఎన్నిసార్లు వేసి గుణించాలో ఆ లెక్క) తీస్తే ఒకవైపు పది ఇంటూ లాగ్ ఎన్, ఇంకోవైపు ఉత్త ఎన్. లాగ్ నత్తలా పాకుతుంది, 1000 దగ్గర కూడా పదికి చేరదు. ఇక ఎన్‌ని అందుకోవడం దాని వల్ల ఎక్కడవుతుంది?

"మరి ఎన్ పవర్ వంద అయితే?" అన్నాడు వెంటనే. ఎన్ వెయ్యికి చేరేలోపే అదీ ఓడిపోతుందన్నాను. నమ్మలేదు, లెక్క మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది, డబ్బులు నేనే ఇచ్చాను.