జెఫైర్ టీచౌట్ గుర్తుందా ఎవరికైనా?

2014లో న్యూయార్క్ గవర్నర్ డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నికలో, ఆండ్రూ క్యువోమో మీద నిలబడింది ఈవిడ. ఫోర్డమ్ యూనివర్సిటీలో లా ప్రొఫెసర్, రాజకీయాల్లో అవినీతి మీదే ఆవిడ రీసెర్చ్ ఎక్కువ. అటు చూస్తే సిట్టింగ్ గవర్నర్, తండ్రి కూడా గవర్నర్‌గా చేసినాయన, చేతిలో కోట్ల డాలర్లు. బ్యాలెట్ మీద పేరు రావాలంటేనే పార్టీలో రిజిస్టర్ అయినవాళ్ళ సంతకాలు 15,000 కావాలి, అవి తెచ్చాక ఈవిడ న్యూయార్క్‌లో ఐదేళ్ళు ఉండలేదని క్యువోమో వైపు వాళ్ళు కోర్టుకెళ్తే అక్కడా గెలిచింది, ఆయనేమో ఒక్క డిబేట్‌కి కూడా రాలేదు.

అప్పట్లో నేను న్యూయార్క్ సిటీలోని క్వీన్స్‌లో ఉండేవాణ్ణి, వీసా మీద కాబట్టి ఓటు లేదు. సబ్‌వే దగ్గర వాలంటీర్లు ఎండలో నిలబడి ఆపినవాళ్ళందరికీ ఆవిడ పేరు ఓపిగ్గా చెప్తుంటే చాలా గౌరవం అనిపించింది, మన దగ్గర బీఫారం కోసం హైకమాండ్ గుమ్మం దగ్గర పడిగాపులు చూసి పెరిగినోణ్ణి కదా, టికెట్ జనాన్ని అడగొచ్చనేదే నాకు కొత్త.

సెప్టెంబర్ 9న ఓడిపోయింది. కానీ దాదాపు 34 శాతం ఓట్లు, అప్‌స్టేట్‌లో, అంటే న్యూయార్క్ సిటీకి ఉత్తరాన ఉన్న ప్రాంతంలో, చాలా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఆవిడవే! అది చిన్న విషయం కాదు నా దృష్టిలో.

న్యూయార్క్‌లో సిటిజన్స్ అయిన మనవాళ్ళు చాలామంది ఏ పార్టీలోనూ రిజిస్టర్ అవ్వరు, అక్కడ ప్రైమరీ క్లోజ్డ్, పార్టీలో లేకపోతే అందులో ఓటే ఉండదు. దయచేసి మీ రిజిస్ట్రేషన్ ఒకసారి చెక్ చేసుకోండి.