జ్వరానికి పొలిమేరలు లేవు

ఇరుగుపొరుగు దేశాలు కలిసి అంటువ్యాధులను ఎలా కాచుకోవాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు పశ్చిమ ఆఫ్రికాలోని ఎబోలా గుర్తుకొస్తుంది. 2013 డిసెంబరులో గినీ అటవీ ప్రాంతంలో, లైబీరియా, సియెరా లియోన్ సరిహద్దులకు చేరువలో మొదలైన ఆ వ్యాధి పేరు తేలేసరికి 2014 మార్చి వచ్చింది. అదీ నమూనాలు ఫ్రాన్సు ప్రయోగశాలకు చేరాక. ఆ నెలలన్నీ జనం సంతలకూ, అంత్యక్రియలకూ, చుట్టాల ఇళ్లకూ సరిహద్దులు దాటుతూనే ఉన్నారు. చివరికి 11,000 మందికి పైగా మరణించారు.

2014 జూలైలో ఒక ఎబోలా రోగి విమానంలో నైజీరియాలోని లాగోస్‌లో దిగాడు. అంత కిక్కిరిసిన నగరానికి చేరినా, నైజీరియా మొత్తంలో కేసులు 20 దగ్గరే ఆగాయి. పోలియో నిర్మూలన కోసం అప్పటికే పనిచేస్తున్న వ్యవస్థను వెంటనే ఇటు మళ్లించి, రోగులతో మెలిగినవారి జాబితాలు రాసుకొని, సిబ్బంది వారిని 21 రోజుల పాటు వెంబడించి ఒంటి వేడి చూశారు. థర్మామీటరు, జాబితా, తలుపు తట్టే మనిషి: అబ్బురపరిచే యంత్రమేదీ లేదు.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, ముప్పు ఇతర దేశాలకూ పాకవచ్చని అంచనాకు వచ్చిన 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి. కానీ 2021 నవంబరులో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ సంగతి దాచకుండా చెప్పిన దక్షిణాఫ్రికాకు దక్కినవి ప్రయాణ ఆంక్షలు. నిజం చెప్పినవారికే శిక్ష పడితే, రేపు పొరుగుదేశం నోరు విప్పడానికి వెనకాడదా? పరికరాల కొరత కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ సంకోచమే.